ఎవరు తలుచుకున్నారని?

అన్నం తింటుంటే పొలమారినప్పుడు మా నాయనమ్మ నెత్తిమీద మెల్లగా తట్టి "ఎవరో తలుచుకుంటున్నారే పిల్లా" అనేది. ఎవరై ఉంటారా అని ఒక్కో పేరే అనుకుంటూ పోవడం, ఏ పేరు దగ్గర దగ్గు ఆగితే వాళ్ళే తలుచుకున్నట్టు లెక్క. చిన్నప్పుడు మాకదొక ఆట. మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. మా అమ్మకి మాత్రం అర్ధరాత్రి నిద్రలో పొలమారేది. పన్నెండున్నర, ఒంటిగంట ప్రాంతంలో ఒక్కసారిగా లేచి కూర్చునేది. గాలి లోపలికి పోయేది కాదు. నోట్లో కొంగు కుక్కుకుని, పెరటి తలుపు తీసుకుని బావి దగ్గరికి వెళ్ళిపోయేది, మా నిద్రలు చెడిపోతాయని. అక్కడ అరగంటసేపు దగ్గి, నోరు పుక్కిలించి, మళ్ళీ వచ్చి పడుకునేది. అంత రాత్రివేళ ఆమెని ఎవరు తలుచుకుంటారు?

ఇది మొదలైంది 2014 చలికాలంలో. అప్పటికి అమ్మకి యాభై ఏళ్ళు. తెనాలి దగ్గర మా ఊళ్ళో మొదట అందరూ పడిశం అన్నారు. నెల దాటాక ఎదురింటావిడ గొంతు తగ్గించి "ఒకసారి కళ్ళె పరీక్ష చేయించకూడదూ" అంది. చేయించాం. టీబీ లేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. గుంటూరులో ఒక డాక్టరు ఎలర్జీ అన్నాడు. ఇంకొకాయన ఉబ్బసం అని పీల్చే మందు రాశాడు. దాంతో పిల్లికూతలు కొంత తగ్గాయి గానీ రాత్రి దగ్గు అలాగే ఉంది. మూడో ఆయన "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేనండీ, ఆందోళన" అని నాన్నతో చెప్పి నిద్రమాత్ర ఇచ్చాడు. బీరువా పై అరలో దగ్గు మందు సీసాలు వరసగా పేరుకుపోయాయి. అమ్మ వాటిని పారెయ్యకుండా వేణ్ణీళ్ళతో కడిగి, కొబ్బరినూనె పోసి ఇరుగుపొరుగుకి ఇచ్చేది.

ఆ ఎనిమిదేళ్ళలో అమ్మతోపాటు నేనూ నాలుగైదుసార్లు డాక్టర్ల దగ్గరికి వెళ్ళాను. ప్రశ్నలన్నీ నాన్ననే అడిగేవాళ్ళు. రోగి పక్క కుర్చీలో కూర్చునే ఉండేది. "తిండి ఎలా తింటుంది?" అని ఒకాయన అడిగితే నాన్న "అన్నీ తింటుందండీ, పథ్యాలేం లేవు" అన్నాడు. అబద్ధం కాదు. అన్నీ తినేది. అందరూ తినగా మిగిలినవన్నీ.

ఇక్కడ నా చదువు సంగతి కొంచెం చెప్పాలి. నేను పిహెచ్‌డి చేసింది తెలుగు రచయిత్రుల కథల్లో ఆకలి, వంటిల్లు అనే విషయం మీద. ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరు ఎప్పుడు తిన్నారు, ఎవరు తినలేదు అని కథ కథకీ కార్డులు రాసుకున్నదాన్ని. సూసన్ సొంటాగ్ 1978లో రాసిన 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' చదివి, క్షయ చుట్టూ సాహిత్యం అల్లిన శృంగారం గురించి ఒక అధ్యాయంలో పేజీలకి పేజీలు రాశాను. మగవాడి దగ్గుకి మన దగ్గర ఎంత చరిత్ర ఉందో చూడండి. 1953లో వచ్చిన దేవదాసు దగ్గితే తరాలు తరాలు కళ్ళు తుడుచుకున్నాయి. ఆ దగ్గు ప్రేమకి గుర్తు, త్యాగానికి గుర్తు. పెరట్లో కొంగు అడ్డం పెట్టుకుని దగ్గే యాభై ఏళ్ళ గృహిణి దగ్గు దేనికీ గుర్తు కాదు. దాన్ని ఎవరూ కథగా చూడరు, నిద్రాభంగంగా చూస్తారు. ఈ వాక్యం నేను సిద్ధాంత వ్యాసంలో రాయలేదు. అప్పటికి అమ్మ దగ్గు నాకూ నిద్రాభంగమే.

2020లో ఆ దగ్గుకి హఠాత్తుగా అర్థం వచ్చింది. ఆరేళ్ళుగా పట్టించుకోనివాళ్ళు గోడ అవతలనుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పాలు పోసే అబ్బాయి చెంబు గేటు దగ్గరే పెట్టి పోయేవాడు. మూడుసార్లు ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు, మూడుసార్లూ లేదనే వచ్చింది. అయినా అమ్మ పెరట్లోకి వెళ్ళడం మానేసి, వంటింట్లో తలుపు వేసుకుని, గిన్నె మూత నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేది. ఆమెకి హారతి పాటలు బాగా వచ్చు. శ్రావణ శుక్రవారాల్లో పిలిచి పాడించుకునేవాళ్ళు. ఆ రెండేళ్ళలో ఆ గొంతు పూర్తిగా బొంగురుపోయింది. పాడమని ఎవరూ పిలవలేదు, ఆమె కూడా పాడలేదు.

2022లో హైదరాబాదుకి నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ కాగితాలన్నీ చూసి పక్కనపెట్టి, నాతో కాకుండా సూటిగా అమ్మతో మాట్లాడింది.

"రాత్రి అన్నం ఎన్నింటికి తింటారమ్మా?"

అమ్మ అలవాటుగా పక్కకి చూసింది. పక్కన నాన్న లేడు. "మా ఇంటాయన కొట్టు కట్టేసి తొమ్మిదిన్నరకి వస్తారండీ" అంది.

"ఆయన సంగతి కాదు. మీరు ఎన్నింటికి తింటారు?"

"పదిన్నర, పదకొండు అవుద్దండి."

"పడుకునేది?"

"గిన్నెలు తోముకోగానే."

"నోట్లోకి పులుపు నీళ్ళు వస్తాయా? పొద్దున లేచేసరికి గొంతు గరగరలాడుతుందా?"

"గ్యాసండీ. అది ఎప్పట్నుంచో ఉంది. దానికీ దగ్గుకీ ఏంటండీ సంబంధం?"

గ్యాస్! మన ఇళ్ళల్లో ఈ ఒక్క మాట కింద ఎన్ని కూరి పెట్టేశామో. పులితేన్పులు, గుండెల్లో మంట, పైకి ఎగదన్నే పులుపు, కడుపుబ్బరం అన్నీ గ్యాసే. దానికి సోడానో వామో. డాక్టరు దగ్గరికి వచ్చి చెప్పుకునేంత గౌరవం లేని జబ్బు. అమ్మ ఎనిమిదేళ్ళు దగ్గుకి మందు మింగింది గానీ పులుపు నీళ్ళ సంగతి ఏ డాక్టరుతోనూ అనలేదు. అనే అవకాశం ఎవరిచ్చారు అని కూడా అడగాలి.

అమ్మ అడిగిన ప్రశ్న మాత్రం చాలా మంచి ప్రశ్న. ఆ రాత్రి నుంచి నేను దాని వెంట పడ్డాను. కథలకి రాసుకున్నట్టే దీనికీ కార్డులు రాసుకున్నాను.

తల్లి కడుపులో పిండానికి నాలుగో వారంలో అన్నవాహికా శ్వాసనాళమూ వేరు వేరు కావు, ఒకటే గొట్టం. ఊపిరితిత్తులు దానినుంచే మొగ్గ తొడిగి విడివడతాయి. విడిపోయినా రెంటినీ చూసుకునే నరం ఒకటే, వేగస్. అన్నవాహిక అడుగున ఒక కండరపు కట్టు ఉంటుంది. జీర్ణాశయంలో ఉన్నది వెనక్కి రాకుండా అదే ఆపుతుంది. అది వదులైతే ఆమ్లం పైకి తంతుంది. అప్పుడు ఊపిరికి రెండు దారుల్లో కీడు జరగవచ్చునంటారు. ఒకటి, ఆ ఆమ్లమూ దానితో వచ్చే జీర్ణరసాలూ తుంపరలుగా గొంతుదాకా వచ్చి స్వరపేటికని ఒరిపించడం, కొంత శ్వాసనాళంలోకి జారడం. నిద్రలో పొలమారడమంటే అదే. రెండోది, అసలు పైదాకా రానక్కర్లేకుండానే. అన్నవాహిక అడుగున మంట పుడితే ఆ వేగస్ నరం ద్వారా ఊపిరి గొట్టాలు ముడుచుకుంటాయి, దగ్గు వస్తుంది. ఒకే నరం పట్టుకున్న అక్కచెల్లెళ్ళు, ఒకళ్ళని గిల్లితే రెండోవాళ్ళు ఏడవడం లాంటిది. రాత్రిపూట ఇది ఎక్కువ. నిద్రలో లాలాజలం ఊరదు, మింగడం తగ్గిపోతుంది, వెల్లకిలా పడుకుంటే కిందికి లాగే బరువు సాయం ఉండదు. నిండు కడుపుతో పడుకుంటే చెప్పనే అక్కర్లేదు. గుండెల్లో మంట లేకుండా గొంతులోనే బాధ కనిపించేవాళ్ళు చాలామంది ఉంటారని 1991లో జేమీ కూఫ్‌మన్ అనే అమెరికన్ డాక్టరు 225 మంది రోగులని పరిశీలించి రాసింది. ఆమె స్త్రీ అని కార్డు మీద ఎర్ర సిరాతో రాసుకున్నాను. మన అలవాట్లు మనవి.

సంబంధం తిరగబడి కూడా నడుస్తుంది. గట్టిగా దగ్గితే కడుపులో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తంతుంది, తన్నితే మళ్ళీ దగ్గు. ఉబ్బసానికి చాలా ఏళ్ళుగా వాడుతున్న థియోఫిలిన్ జాతి మాత్రలు ఆ కండరపు కట్టుని కూడా వదులు చేస్తాయి. అమ్మ అవి మూడేళ్ళు మింగింది, రాత్రి అన్నం తిన్నాక, పడుకునే ముందు.

ఇది కొత్త విజ్ఞానం అనుకున్నాను. కాదు. విలియం ఆస్లర్ రాసిన వైద్యగ్రంథం మొదట అచ్చయింది 1892లో. నిండుగా తింటే ఆయాసం తిరగబెడుతుందనీ, ఉబ్బసం ఉన్నవాళ్ళు అందుకే పెద్ద భోజనం మధ్యాహ్నమే చెయ్యడం నేర్చుకుంటారనీ అందులో ఆయన రాశాడు. మా అమ్మకి మాత్రం ఆ మాట చెప్పినవాళ్ళు లేరు.

నన్ను అన్నిటికన్నా కదిలించింది మెండెల్సన్ సంగతి. 1946లో న్యూయార్కు కాన్పుల ఆసుపత్రి వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ ఒక వ్యాసం అచ్చువేశాడు. 1932 నుంచి 1945 దాకా 44,016 మంది గర్భిణుల్లో 66 మందికి, కాన్పు సమయంలో మత్తు ఇచ్చినప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయింది. గట్టి ఆహారం అడ్డుపడి ఇద్దరు చనిపోయారు. పుల్లటి ద్రవం పోయినవాళ్ళకి ఉబ్బసం లాంటి ఆయాసం వచ్చింది. కుందేళ్ళ ఊపిరితిత్తుల్లోకి ఆమ్లం పంపి, ఆ ఆయాసానికి కారణం ఆమ్లమేనని అతను చూపించాడు. అంటే కడుపులోని ఆమ్లం ఊపిరిని ఏం చేస్తుందో వైద్యశాస్త్రం నేర్చుకున్నది కాన్పు బల్లల మీద పడుకున్న ఆడవాళ్ళ శరీరాలనుంచి. మరి నేర్చుకుని ఏం చేసింది? నొప్పులు పడే స్త్రీలకి తిండి పెట్టడం మానేసింది. మత్తు ఇచ్చే పద్ధతులు పూర్తిగా మారిపోయాక కూడా దశాబ్దాల తరబడి గంటలకి గంటలు పచ్చి మంచినీళ్ళు ముట్టనివ్వలేదు. ప్రమాదం తక్కువగా ఉన్నవాళ్ళకి అలా కడుపు మాడ్చడానికి ఆధారం లేదని కాక్రేన్ సమీక్ష చెప్పేసరికి 2010 వచ్చింది. అన్నయ్య పుట్టినప్పుడు గుంటూరులో పద్దెనిమిది గంటలు తనకి ఏమీ ఇవ్వలేదని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. "గొంతు పిడచకట్టుకుపోయిందే, నర్సు తడిగుడ్డ కూడా పెట్టలా" అంటుంది. ఆడదాని తిండి వేళ ఎప్పుడూ ఇంకెవరో నిర్ణయించేదే.

ఇంత దొరికాక నాలో ఉన్న పరిశోధకురాలు ఊరుకుంటుందా? పితృస్వామ్యమే అమ్మ దగ్గుకి కారణం అని ఒక సిద్ధాంతం కట్టేసి, మళ్ళీ పరీక్షకి వెళ్ళినప్పుడు ఆ డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ నవ్వి, "సగం కారణం" అంది. ఉబ్బసం ఉన్న ప్రతివాళ్ళకీ ఆమ్లం మాత్ర ఇస్తే తగ్గిపోతుందని తామూ ఒకప్పుడు ఆశపడ్డామంది. 2009లో అమెరికాలో అదుపులోకి రాని ఉబ్బసం ఉండి, గుండెల్లో మంట లేనివాళ్ళు, ఉన్నా బాగా తక్కువ ఉన్నవాళ్ళు 412 మందిని తీసుకుని ఆరు నెలలు పరీక్షించారు. వాళ్ళలో దాదాపు 40 శాతం మందికి బయటికి తెలియకుండా ఆమ్లం పైకి తన్నుతూనే ఉంది. అయినా మాత్రతో ఉబ్బసం ఏమీ మెరుగుపడలేదు. 2021లో బ్రిటన్‌లో గొంతు బాధలున్న 346 మంది మీద చేసిన పరీక్షలోనూ ఆమ్లం మాత్రకీ ఉత్తి మాత్రకీ తేడా కనిపించలేదు. మంట, పులితేన్పులు స్పష్టంగా ఉన్నవాళ్ళకి మందు వాడి చూడొచ్చు, దగ్గిన ప్రతివాళ్ళకీ కాదు అనేది ఇప్పటి మాట. "మీ అమ్మగారికి ఉబ్బసం ఉంది, అది నిజం. ఆమ్లం ఉంది, అదీ నిజం. ఇంకొకటి మీరు అడగనే లేదు. పొయ్యి దగ్గర ఎన్నేళ్ళు కూర్చున్నారు?" అంది.

నేను నిజంగానే అడగలేదు. మా ఇంట్లోకి గ్యాసు బండ వచ్చింది 1998లో. అదీ కాఫీలకీ కూరలకీ. ఆ తర్వాత పదేళ్ళు కూడా వేణ్ణీళ్ళూ, కూలీలకి అన్నమూ పెరట్లో పొయ్యి మీదే. కందికంప, కొబ్బరి మట్టలు, వాన పడితే తడిసిన పిడకలు. జన్మలో బీడీ ముట్టని ఆడవాళ్ళ ఊపిరితిత్తులు పొగతాగినవాళ్ళవి లాగా దెబ్బతినడం మన దేశంలో వింతేమీ కాదు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం వచ్చింది ఈ పొగనుంచి తప్పించడానికే. అమ్మ ఊపిరికి ముందు పొయ్యి పొగ తగిలింది, వెనకనుంచి పులుపు తగిలింది. రెండూ వంటిల్లే.

మందు చీటీ చిన్నది. పీల్చే మందు మానకూడదు. మంట ఉంది కాబట్టి ఆమ్లం మాత్ర ఎనిమిది వారాలు, పొద్దున టిఫిను ముందు. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తుచెయ్యాలి. ఎడమపక్కకి తిరిగి పడుకోవాలి. రాత్రి భోజనం పడుకునే ముందు మూడు గంటల తేడాతో. అంటే ఏడింటికల్లా.

మొదటివన్నీ వెంటనే జరిగిపోయాయి. నాన్నే స్వయంగా ఇటుకలు తెచ్చి పెట్టాడు. ఆయన చెడ్డమనిషి కాడు, ఈ వ్యాసంలో ఆయన్ని అలా చూపించడం నాకిష్టం లేదు. మందులన్నీ గడియారం చూసి ఇచ్చేవాడు. ఏడింటి అన్నం దగ్గరే వచ్చింది చిక్కు.

"మీ నాన్న తినకుండా నేనెట్లా తినేదే" అంది అమ్మ ఫోన్లో. ఆచారం అనలేదు, పాపం అనలేదు. "ఒక్కదాన్నే కంచం పెట్టుకుని కూర్చుంటే దొంగతనం చేస్తున్నట్టు ఉంటది" అంది. నాయనమ్మ పోయి అప్పటికి పదకొండేళ్ళు. అన్నయ్య బెంగుళూరులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. అడ్డుపెట్టేవాళ్ళెవరూ లేరు. నలభై ఏళ్ళు ఆకలిని పదిన్నరకి వచ్చేలా మచ్చిక చేసుకుంది. అది ఏడింటికి రమ్మంటే రాదు. వారం రోజులు ఏడింటికి తిని, మళ్ళీ తొమ్మిదిన్నరకి వడ్డించి, ఆయన బలవంతం చేశాడని ఇంకో ముద్ద తిని, గిన్నెలు తోమి పడుకుంది. దగ్గు అలాగే ఉంది.

డాక్టర్లు ఇచ్చే సలహాల్లో ఒక మనిషి ఉంటాడు గమనించారా? తన భోజనం వేళ తన చేతిలో ఉన్న మనిషి. ఏడింటికి తినమంటే తినగలడు, మూడు గంటలు కూర్చుని ఉండమంటే ఉండగలడు. కారం, పులుపు తగ్గించమంటే తనకి వేరే కూర వండించుకోగలడు. మా నాన్నకి షుగరు వచ్చినప్పుడు ఇంటి వంట మొత్తం మారింది, ఎవరికీ కష్టం తోచలేదు. అమ్మకి పులుసు మానమంటే, "ఇద్దరికి రెండు కూరలేం వండుతాను" అని పులుసే పోసుకుంది.

చివరికి దారి చూపించింది సిద్ధాంతం కాదు, టీవీ. ఏడింటికి అమ్మ చూసే సీరియల్ ఒకటి ఉంది. కంచం టీవీ ముందుకి తెచ్చుకుంటే ఒక్కదాన్నే తింటున్నట్టు ఉండదని ఆమే కనిపెట్టింది. నాన్నకి హాట్‌ప్యాకులో సర్ది పెట్టేది. ఆయన మొదటి నాలుగు రోజులూ "నా అన్నం ఏదీ" అని బల్ల ముందే నిలబడి అడిగాడట. ఆ తర్వాత మూత తీసుకోవడం వచ్చింది. కంచం కడగడం ఇంకా రాలేదు. రెండు నెలలకి రాత్రి లేవడం వారానికి ఒకసారికి వచ్చింది. ఆరు నెలలకి గొంతు కాస్త తెరుచుకుంది. మొత్తం పోలేదు. చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, పీల్చే మందు ఉండాల్సిందే.

ఒక సంగతి ఇన్ని పేజీలూ దాటవేస్తూ వచ్చాను. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు నేను ఎన్నింటికి తినేదాన్ని? ఎనిమిదింటికి. చదువుకుంటుందని అమ్మ కంచంలో కలిపి, పుస్తకం పక్కన పెట్టి వెళ్ళేది. ఆకలి మీద సిద్ధాంత వ్యాసం రాసింది ఆ కంచం ముందే. ఎవరు ఎప్పుడు తిన్నారని అన్ని కథల్లోనూ వెతికినదాన్ని, వంటింట్లో దీపం ఆర్పేది ఎన్నింటికో ఒక్క రాత్రి చూడలేదు. ఆ డాక్టరమ్మ అడిగినప్పుడు జవాబు నాకూ తెలియదు. పది, పదిన్నర అనుకున్నాను.

ఈ ఏడు సంక్రాంతికి అన్నయ్య కుటుంబం, పెదనాన్నవాళ్ళు, అందరం కలిసి పదిహేను మందిమి ఇంట్లో. మూడు బంతులు లేచేసరికి పదకొండు దాటింది. నేనూ వదినా ఎంత చెప్పినా అమ్మ ముందు కూర్చోలేదు. "పండగపూట కూడానా" అంది. మూడో బంతిలో కూర్చుని గారెలూ పులిహోరా తిన్నది. రాత్రి ఒంటిగంటకి పెరటి తలుపు చప్పుడైతే లేచి వెళ్ళాను. బావి గట్టు పట్టుకుని దగ్గుతోంది. వీపు రాశాను. తేరుకున్నాక కళ్ళు తుడుచుకుని, "మీ డాక్టరమ్మకి చెప్పమాకే" అంది.